పలుకు

బాలరాట్‌లో జూన్. అద్దం మీద మంచు పొర.
మిక్సీ జారు బోర్లించి మూడు రోజులు.

చిలగడదుంపను ఫోర్కుతో మెదిపి
అక్కడక్కడా గడ్డలు వదిలేశాను, కావాలనే.
మొదటి ముద్దకే ఓకరించింది ఇరావతి.
నా చెయ్యి దాని వీపు దాకా వెళ్ళి ఆగింది.
"దగ్గుతోందంటే దారి తెరిచే ఉన్నట్టు,"
అంది కదా నర్సు మోయిరా. లెక్కపెట్టాను.
ఒకటి. రెండు.
నాలుకతో గడ్డను బయటికి తోసి,
పక్కింట్లోకి దిగిన కొత్తవాళ్ళను చూసినట్టు చూసి,
మళ్ళీ వేళ్ళతో నోట్లోకే.

ఈ పూట పప్పన్నంలో
ఒక్క మెతుకు పలుకుగా మిగిలింది.
రెండే పళ్ళు. చిగుళ్ళతో దాన్ని చాలాసేపు విచారించి,
మింగి,
"మ్మ" అంది.

అమ్మనో, మమ్మమో.
అమ్మ ఇంకా డ్యూటీలోనే.
మమ్మం, గిన్నె అడుగున కాస్త ఉంది.