మూడో లెక్క

"కిడావా పొద్దున మూడు గంటలకి సముద్రంలోకి దిగింది.
ఆరు గంటలకి ఒడ్డెక్కింది.
ఎంతసేపు పనిచేసింది?"

నల్లబల్ల మీద రాసి
సుద్ద చేతులు దులుపుకున్నాను.

జాంజిబార్ తూర్పు ఒడ్డున
గంటల లెక్క పొద్దుతోనే మొదలవుతుంది.
సూర్యుడు లేచిన గంటకి ఒంటిగంట,
నడినెత్తికొస్తే ఆరు.
గోడ గడియారం ఏదో హోటలు వాళ్లు ఇచ్చిపోయింది.
ముల్లు తొమ్మిది మీద నిలబడితే
ముప్ఫైయెనిమిది మంది ఒక్క గొంతుతో "మూడు!" అంటారు.
ముల్లుది తప్పు కాదు, పిల్లలదీ కాదు.
మధ్యలో ఆరు తీసేస్తూ, ఆరు కలుపుతూ
పదకొండేళ్లుగా నెట్టుకొస్తున్నది నేను.

రాత్రి లాంతరు దగ్గర నోటుపుస్తకాలు.
ముప్ఫైయేడింట్లో మూడు గంటలు.
సబ్రా కోంబో పుస్తకంలో మాత్రం
ఒకటిన్నర పేజీ.

"ఏ రోజు, టీచర్?
అమావాస్య వెళ్లిన మూడోనాడైతే
నీళ్లు పగడపు గట్టు దాకా వెనక్కి పోతాయి,
మూడు గంటలు దొరుకుతాయి.
మర్నాడు ఆటు యాభై నిమిషాలు ఆలస్యం.
ఆ మర్నాడు ఇంకో యాభై.
చంద్రుడు సగమయ్యేసరికి నీళ్లు నడుం దిగవు.
అప్పుడు మా అమ్మ ఇంట్లో కూర్చుని
నాచు తాళ్లకి ముళ్లు వేస్తుంది.
అది పని కిందికి వస్తుందా, రాదా?

తాడు పొడవు పుస్తకంలో మీటర్లు.
మా ఇంట్లో బారలు.
పోయినేడు నా బారతో ఆరు,
ఈ ఏడు అయిదున్నర.
తాడు అదే. నేను పెరిగేకొద్దీ అది కురచవుతోంది.

తడి నాచు యాభైయారు కిలోలు మోసుకొచ్చాం.
మూడెండలు తగిలితే ఎనిమిది.
కొనేవాడి కాటాలో ఏడున్నర.
అర కిలో ఏదని అడిగితే ఇసుక అన్నాడు.
ఇసుక తీసేసి తూచాం కదా అంటే
గాలి అన్నాడు.
గాలి బరువు మీరింకా చెప్పలేదు.

మా అమ్మ పేరు కిడావా కాదు, మిజే.
జవాబు: మూడు గంటలు.
మీరు అడిగింది అంతే కాబట్టి."

ఎర్ర కలం మూత తీశాను, పెట్టాను,
మళ్లీ తీశాను.
అయిదు మార్కులకి ఎన్ని?
నేను పట్నంలో పుట్టినవాణ్ణి.
నాకు నీళ్లంటే కుళాయి,
ఆటు అంటే పరీక్షలో ఖాళీ పూరించే మాట.

శనివారం మూడింటికి
పంట్లాం మోకాళ్ల పైకి మడిచి దిగాను.
చేతి గడియారం జేబులో పెట్టుకున్నాను తడవకుండా,
అంటే చూడకుండా.
రెండు వందల అడుగులు లెక్కపెట్టాక
ముళ్లకాయ ఒకటి మడమలో దిగి
ఎన్నో అంకె దగ్గర ఉన్నానో మరిచిపోయాను.

మేకుల వరస దగ్గర
వంగిన వీపు ఒకటి లేచింది.
"లెక్కల టీచరా?" అని నవ్వి,
"మంచిది, ఈ కొస పట్టండి" అంది మిజే.

పట్టుకున్నాను.
నా బారతో అయిదుంపావు.
ఆవిడ లాగింది, నేను వదిలాను, మళ్లీ పట్టుకున్నాను.
నీళ్లు చీలమండల నుంచి పిక్కలకి,
పిక్కల నుంచి మోకాళ్లకి వచ్చేదాకా.

ఎంతసేపు అని ఎవరూ అడగలేదు.

సోమవారం సబ్రా పుస్తకం తిరిగిచ్చాను.
మార్కు చోట ఏమీ రాయలేదు.
అరికాలు ఇంకా సలుపుతోంది.
"మరి నాలుగో లెక్క దిద్దలేదేం, టీచర్?"
అని అడిగింది.