ఆదివారం మేత

ఆదివారం కూడా వీటికి ఆకలేస్తుంది.
అందుకే ఊట్రెక్ట్ ఊరంతా దుప్పట్లో ఉన్న వేళ
వానకు ఎదురు సైకిల్ తొక్కుకుంటూ వచ్చాను,
కాలువ వంతెన మీద రెండుసార్లు దిగి, గాలిని తిట్టి.

కోటు వేసుకుని, గ్లవ్స్ తొడుక్కుని
తలుపు తీస్తే ముప్పై ఏడు డిగ్రీల వెచ్చదనం
ముఖానికి తగిలింది,
పసిబిడ్డ పడుకున్న గదిలోంచి వచ్చినట్టు.
గిన్నెల్లో పాత గులాబీరంగు నీళ్ళు పీల్చేసి
కొత్తవి పోస్తాను, గోడ వారగా, నెమ్మదిగా.
ఇది వంటా కాదు, వైద్యమూ కాదు.
ఫ్రీస్‌లాండ్‌లో మా నాన్న ఆవులకు చేసిన పనే:
మేత, నీళ్ళు, శుభ్రం,
నంబరు తప్ప పేరు పెట్టకూడదన్న నియమం.

ఆయనా పాటించలేదు. నేనూ అంతే.

పదిహేడో నంబరు యోరిట్‌ది.
పడవవాళ్ళ అబ్బాయి, ఇరవై మూడేళ్ళు.
పేగు చివర గోరంత కూడా లేని ముక్క తీస్తే
అందులోంచి ఇన్ని వందల బుడగలు మొలిచాయి,
ఒక్కొక్కటీ ఆవగింజలో సగం,
నోరు లేకుండా ఆకలి మాత్రమే ఉన్న పేగులు.

ఒకనాడు చూసుకోడానికొచ్చాడు.
మైక్రోస్కోప్ మీద వంగి, దగ్గు ఆపుకుని
"ఇదా నేను?" అన్నాడు.
"నీలో కొంచెం."
"మంచి భాగమేనా?"
"జబ్బున్న భాగం. అందుకే పనికొస్తుంది."
నవ్వాడు. నవ్వు దగ్గయింది.
దగ్గు చాలాసేపు ఉంది.

వాడు పుట్టిననాడు వాళ్ళమ్మ హెండ్రికియే
నుదుట ముద్దు పెట్టుకుంటే ఉప్పగా తగిలిందట.
సముద్రపు గాలి అనుకుందట ముందు.
తర్వాత తన తల్లి ముఖం చూసింది.
ఉప్పు బిడ్డలు నిలవరని
పడవల మీది ముసలమ్మలకు
డాక్టర్లకంటే ముందే తెలుసు.

ప్రతి కణానికీ ఉప్పు పోయే చిన్న వాకిలి.
వీడికి ఆ గడియ తుప్పుపట్టింది.
సరిగ్గా ఇదే తుప్పు ఉన్నవాళ్ళు
భూమి మొత్తం మీద ఒక బస్సులో పట్టేస్తారు.
బస్సెడు మంది కోసం ఏ కంపెనీ పరీక్షలు పెడుతుంది?
అందుకని బుడగల్నే అడిగాం.

మొదటి మందు. ఊరుకున్నాయి.
రెండో మందు. ఊరుకున్నాయి.
మూడోది వేసి కాఫీకి వెళ్ళొచ్చేసరికి
పొంగాయి,
వీధి చివర సూరినామ్ వాళ్ళ కొట్లో
నూనెలో పడ్డ పూరీల్లా!

పక్క ఇంక్యుబేటర్ ఫ్రౌకేది. అందులో మెదడు చుక్కలు.
వాటి ముందు ఫ్రౌకే బూతు మాట్లాడదు.
వినవని తనకూ తెలుసు.
"ఎంత పెరిగితే వింటాయి?" అన్నానొకసారి.
జవాబు చెప్పకుండా తలుపు మూసింది,
చప్పుడు కాకుండా.

రేపటి గురించి మాట్లాడేవాళ్ళు పై అంతస్తులో ఉంటారు:
మనిషికో బుల్లి నకలు ఫ్రీజర్లో,
చేదు ముందు దానికి, తర్వాతే మనిషికి,
చిరిగిన కాలేయానికి మాసిక, ఎలుకలకు సెలవు.
కావచ్చు.
నాకు తెలిసిన రేపు సోమవారం.
మళ్ళీ మేత.

నిన్న హెండ్రికియే ఫోన్ చేసింది.
మందు మొదలుపెట్టి పందొమ్మిది రోజులు.
వాడు నిద్రపోతుంటే దొంగచాటుగా
నుదుట ముద్దు పెట్టుకుందట.
"చప్పగా ఉన్నాడు" అంది.
మళ్ళీ అంది, "చప్పగా, వీట్స్కె, ఉత్త చప్పగా."
ఆ తర్వాత ఇద్దరం ఏమీ మాట్లాడలేదు,
ఫోన్ పెట్టేయనూ లేదు.

ఇరవై ఆరో నంబరు ఒక పాప. ఏడేళ్ళు.
నాలుగు మందులయ్యాయి.
బుడగలు ఉలకవు, పలకవు.
ఇవాళ ఐదోది.
మూత తీసి, తినండమ్మా అన్నాను,
మా నాన్న గొంతుతో.