ఎల్‌ఫోర్ ఎల్‌ఫైవ్

కొత్తపేటలో, సెల్లారు మెట్లు దిగితే
మా స్కానింగ్ సెంటరు.
పద్నాలుగేళ్లుగా ఇక్కడ కూర్చుని
గుంటూరు నడుములన్నీ టైపు చేస్తున్నాను.

ఇంగ్లీషులో ఒకే వాక్యం, వేళ్లకి కంఠతా వచ్చింది:
ఎల్‌ఫోర్ ఎల్‌ఫైవ్ మధ్య డిస్కు కొంచెం ఉబ్బింది.
పేరు మారుస్తాను, వయసు మారుస్తాను,
ఉబ్బుని మాత్రం అట్టాగే ఉంచుతాను.

బ్రాడీపేట టీచరమ్మకి అదే,
నల్లపాడు ఆటో అతనికి అదే,
మిషను సరిగ్గా ఉందో లేదోనని ఊరికే పడుకున్న
మా టెక్నీషియను సుభానీకీ అదే.
వాడు సాయంత్రాలు వాలీబాలు ఆడతాడు.
నడుం నొప్పంటే ఏంటక్కా అంటాడు.

పై అంతస్తులో డాక్టరుగారి బల్ల మీద
అద్దం కింద ఒక కాగితం.
సంతకాలకి వెళ్లినప్పుడల్లా తలకిందులుగా చదువుతాను.
ఆరు వారాలు ఆగమంటుంది.
పడుకోబెట్టొద్దు, నడిపించమంటుంది.
జ్వరమూ, కాళ్ల తిమ్మిరీ, మూత్రం బిగిసిపోవడమూ లేకుంటే
ఫొటో జోలికే పోవద్దంటుంది.
అద్దం మీద సరిగ్గా ఆ వాక్యం దగ్గరే
టీ గ్లాసు అడుగు గుండ్రంగా అచ్చుపడి ఉంటుంది.

పోయిన మార్చిలో, యార్డుకి సరుకు ముమ్మరంగా దిగే రోజుల్లో
పేరుపోగు ఏసోబు వచ్చాడు.
తువ్వాల్లో మిరప ఘాటు,
కూర్చున్నవాళ్లంతా వరసగా తుమ్మారు.
"నాలుగు రోజులైంది, వంగితే లేవలేకపోతన్నా."
డాక్టరుగారు కుర్చీలోంచే చూశారు.
మంచి మనిషి. అన్నీ తెలిసిన మనిషి.
"ఏం కాదయ్యా, నడుస్తా ఉండు, తగ్గిపోద్ది."
ఏసోబు కదల్లేదు.
"ఫొటో తీయకుండా మీకెట్టా తెలుసుద్దండీ?
లేనోణ్ణని రాయట్లేదా?"

ఆ మాటకి అద్దం కింద జవాబు లేదు.
బయట ఇంకా ఎనభై రెండు టోకెన్లు.
కలం తనంతట తనే స్కాను రాసింది.

ఎన్ని టిక్కీలు మోస్తే ఆ బిల్లు తీరుతుందో
రసీదు వెనక లెక్కేసి చూశాను.
నడుం విరిగేది అక్కడే.

రిపోర్టు తీసుకుని "ఉబ్బిందంట" అని ఇంటికి ఫోను చేశాడు.
వచ్చేటప్పుడు మామూలుగా మెట్లు దిగొచ్చిన మనిషి
పోయేటప్పుడు గోడ పట్టుకుని ఎక్కాడు.

ఇప్పుడు లక్ష్మీపురంలో కొత్త బోర్డు, కైరోప్రాక్టిక్.
నోరు తిరగక జనం టకటక డాక్టరంటారు.
ఫోన్ల నిండా అవే వీడియోలు:
మెడ తిప్పితే టక్,
నడుం మెలిపెడితే టకటక,
ఎముక దగ్గర మైకు పెట్టి మరీ వినిపిస్తారు.
రిపోర్టుల్లో నేను రాసే ఉబ్బుకి చప్పుడు లేదు గదా,
జనం చప్పుడు వైపు పోతున్నారు.

అప్పు చేసి ఏసోబూ పోయాడు, మూడుసార్లు.
మందుల షాపు దగ్గర కనపడితే తగ్గిందా అని అడిగాను.
"రెండ్రోజులు తేలిగ్గా ఉంటదమ్మా, తర్వాత మామూలే.
కానీ ఆ అబ్బాయి
చెయ్యేసి చూశాడు. ఇక్కడా, ఇక్కడా అని అడిగాడు."
తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.
"మీకాడ ఎవురూ ముట్టుకోలా."

ఆ రాత్రి ఒక రిపోర్టు అడుగున
అడగని వాక్యం ఒకటి చేర్చాను:
నొప్పి లేనివాళ్లలోనూ చాలామందికి ఈ ఉబ్బు ఉంటుంది.
పొద్దున రేడియాలజిస్టు ఎర్ర గీత కొట్టారు,
"మనకెందుకు షంషాద్" అన్నారు.
మర్నాడు మళ్లీ టైపు చేశాను, మళ్లీ గీత.
మూడో రోజు
చూసుకోలేదో, చూసి ఊరుకున్నారో.

నాకూ నడుం నొప్పే, ఈ కుర్చీ ఇచ్చింది.
మిషను పక్క గదిలోనే ఉంది, నన్ను డబ్బులడగరు.
సుభానీ రమ్మంటాడు, రెండు నిమిషాల పనంటాడు.
పడుకోను.
ఏం వస్తుందో నా వేళ్లకి తెలుసు.

ఏడింటికి కంప్యూటరు కట్టేసి మెట్లెక్కుతాను.
ఆటోవాళ్లు పిలుస్తారు, తల అడ్డంగా ఊపుతాను.
నొప్పి పక్కనే వస్తుంది, రానీ,
ఇల్లు రెండు కిలోమీటర్లే.