బొత్తాం

మాఘమాసం, ఆదివారం, ఇంకా చీకటే.
బరంపురం నుంచి వచ్చిన తొమ్మిది స్కూటర్లు
బోడిమెట్ట కింద ఆగాయి.
మెట్ట అంటే సగం మెట్ట.
మిగతా సగం మన మేడల్లో, రైలు కట్ట కింద,
కాలేజీ మెట్లలో ఉంది.

ముందు నడిచేవాడు బెహరా లోకనాథం.
ఇరవై రెండేళ్ళు ఈ రాతికే తూట్లు వేసి
మందు కూరినవాడు.
ఇప్పుడు మెడలో ఎవరో ఇచ్చిన బైనాక్యులర్,
చేతిలో గుడ్డ ఊడిన గొడుగు ఊచ.
"మాటలాడకండి. మడమ కాదు, ముందు వేళ్ళు ఆన్చండి."

అతన్ని నేను ఎరుగుదును.
మెడికల్ కాలేజీలో, గాజు గదిలో,
చెవులకి డొప్పలు తగిలించి
వినబడితే బొత్తాం నొక్కమన్నది నేనే.
కాగితం మీద గీత కొంతదూరం చదునుగా నడిచి
రెండు వేలు దాటగానే
క్వారీ అంచులా తెగిపడింది.
నాలుగు వేల దగ్గర, ఎనిమిది వేల దగ్గర
బొత్తాం మీద బొటనవేలు పెట్టుకుని
అతను మర్యాదగా కాచుకున్నాడు, అంతే.

ఇక్కడ ఆ సంగతి నాకొక్కదానికే తెలుసు.

కలివి పొద చివర తేనెపిట్ట.
సూదిలాంటి పాట, అతని దాకా రాదు.
గొంతు కింద ఈక వణకడం చూసి
"పాడతంది," అన్నాడు.
బలుసు ముల్లుకి గుచ్చి ఉన్న మిడతని ఊచతో చూపించి
"ఇది ఎవరి వంటిల్లో తెలుసా?" అన్నాడు.
పలకల మధ్య వాన పట్టని మట్టిలో
చితుకు పిట్ట గుడ్లు నాలుగు.
చూపించేదాకా అవి రాళ్ళే.
చూపించాక రాళ్ళన్నీ గుడ్లే;
ఎక్కడ కాలు పెట్టాలో మాకు తెలియలేదు.

లిపికి ఎనిమిదేళ్ళు. బోదగడ్డి వైపు చెవి వొగ్గి
"కెఉఁ చఢేఇ, అజా?" అంది.
ఏ పిట్ట, తాతా?
కనబడే పిట్ట కాదు. వట్టి ఈల.
నేను ఊపిరి బిగబట్టాను.
నా గీత ఇప్పుడు అందరి ముందూ
బయటపడబోతోందని.

అతను గడ్డిని చూడలేదు, పిల్లని చూశాడు.
మోకాళ్ళ మీద కూర్చుని
అరచెయ్యి ఆమె నోటి ముందు పట్టాడు.
"అదెలాగ అంటందో ఇక్కడ అను."
పిల్ల ఊదింది. చిన్న చిన్న ఊపిర్లు,
మొదట మెల్లగా, తరవాత
ఒకదాని మీద ఒకటి పడుతూ.
అరచేతిలో రవ్వంత వెచ్చదనం.
కాసేపు చెయ్యి మూసి ఉంచాడు.
"రాతి పూరేడు. ఒక్కటి కాదు, మందే. ఆగండి."

ఆగలేదు ఎవరో.
పాదాల కిందనుంచి పది పన్నెండు లేచి
బుర్రుమని చెల్లాచెదురయ్యాయి.
ఆ గాలి తన చొక్కాకి తగలగానే
అందరికంటే ముందు నవ్వినవాడు అతనే.

చివర క్వారీ. అడుగున పచ్చనీళ్ళు.
గోడంతా నిలువు చారలు, బరమా దిగిన దారులు.
"ఆ మూడోది నాది. మందు చాలలేదు.
సగం పేలి సగం అరుగులా మిగిలిపోనాది.
మేస్త్రీ ఆరోజు కూలి కోసీసేడు."
ఆ అరుగు మీద కొమ్ముల గుడ్లగూబ,
ఒళ్ళో రెండు తెల్లటి దూది ఉండలు.
నారింజ కళ్ళతో మమ్మల్ని లెక్కపెట్టి
విసుగ్గా రెప్ప వేసింది.

అప్పుడు నా పక్కకి వచ్చి
ఎవరికీ వినబడకుండా, అంటే
అతను అనుకున్నంత మెల్లగా కాక, అన్నాడు:
"దీని మాట నాకు ఇనబడతాది, అమ్మా.
మీ డొప్పల్లో మొదట వాయించేరే,
ఆ లావు గొంతు. అలాటిది."

గుర్తుపట్టాడన్నమాట, మొదటినుంచీ.

ఎండ ఎక్కింది. పగటిపూట అది పలకదు,
ఆ మాట చెప్పింది కూడా అతనే.
మిగతావాళ్ళు మరమరాల పొట్లాలు విప్పుకుంటున్నారు.
అతను మాత్రం గోడకేసి తిరిగి,
బొటనవేలు చూపుడువేలి మీద ఆనించి,
నొక్కడానికి సిద్ధంగా
నిలబడే ఉన్నాడు.