పగిలినది ఒకటి

కమిషనర్ గారు ఒక పేజీ అడిగారు.
ఎడమన ఖర్చు, కుడిన ప్రయోజనం,
అడుగున సంతకం.
మూడు రాత్రుల వెలుగుల పండుగ
నాగావళి ఒడ్డున ముగిసి వారమైంది.
గట్టుమీద ఇంకా స్తంభాలు పీకిన గుంటలు,
గుంటల్లో వాననీళ్ళు,
నీళ్ళలో ఐస్‌క్రీం పుల్లలు.

ఎడమవైపు రాయడం తేలిక.
బల్బుల ఏనుగు అద్దె, బల్బుల నెమలి అద్దె,
రెండు జనరేటర్లు తాగిన డీజిలు,
బందోబస్తు పోలీసులకి పులిహోర పొట్లాలు.
నెమలి తోకలో ఆకుపచ్చ మూడో రాత్రి ఆరిపోయింది,
దానికి అద్దె మాత్రం తగ్గించలేదు.
అంకెలు బుద్ధిమంతులు,
పిలిస్తే వచ్చి వరసలో నిలబడతాయి.

పిలిచినా రానివి ఉన్నాయి.
ఏటి మధ్య దిబ్బమీద రెల్లులో
పొద్దు గుంకేవేళ వాలే కొంగలు
మొదటి రాత్రంతా గాలిలోనే తిరిగాయి,
తెల్ల రెక్కలమీద ఊదా, ఎరుపు, మళ్ళీ ఊదా.
అవీ ప్రదర్శనలో భాగమనుకుని
జనం చప్పట్లు కొట్టారు.
నేనూ కొట్టాను.
రెండో రాత్రి అవి రాలేదు.
ఓచర్ లేని ఖర్చుకి పద్దు ఏది?

మా సందు స్తంభానికి దీపం లేక నాలుగు నెలలు.
అర్జీ నా చేతిమీదుగానే పైకి వెళ్ళింది,
నా బల్లమీదికే తిరిగి దిగింది.
“నిధులు లేవు” అని ముద్ర కొట్టింది నేనే.

ఈ మాట పేజీలో పెడదామనుకున్నా.
పెన్ను మూత తీశాను కూడా.
అప్పుడొచ్చింది సీపాన దాలమ్మ,
ఉడకబెట్టిన వేరుశనగ కాయల బండి దాలమ్మ,
స్థలానికి కట్టిన డిపాజిట్ వెనక్కి తీసుకోడానికి.
“ఎలా ఉంది బేరం?” అన్నాను,
కుడివైపు గడి నింపుకోవాలి కదా.

“బేరానికేటి బాబూ, మూడు బస్తాలు లేచిపోనాయి.
అది కాదు.
తిత్లీ తుపానుకి మా కవిటి కాడ
కొబ్బరి సెట్లన్నీ పడిపోనాయి కదా,
ఇరవై దినాలు కరెంటు నేదు.
సెల్లుకి ఛార్జింగు నేక
మా అక్క సచ్చిపోనాదని
మూడు దినాలకి గాని తెలీనేదు.
అప్పట్నించీ సీకటంటే నాకు గుండి దడ.
మొన్న ఆ ఏనుగు కాడ నిలబడితే
ఒక్క మూలా సీకటి నేదు.
బండి ఒగ్గేసి సూసినాను.
ఎవులో రెండు పొట్లాలు ఎత్తుకుపోనారు, పోనీ.”

వేలిముద్ర వేసి,
నీలం బొటనవేలు చెంగుకి తుడుచుకుంటూ వెళ్ళింది.

“చిరువ్యాపారులకు ఆదాయం” అని రాశాను.
ఎత్తుకుపోయిన పొట్లాలు రెండూ
ఏ వైపువో తేలక వదిలేశాను.
“ప్రజలలో ఉల్లాసం” అనీ రాశాను,
శుభలేఖలో ‘సకుటుంబ సపరివారంగా’ లాంటిదది,
లేకపోతే కాగితం కాగితంలా ఉండదు.

సాయంత్రం స్టోరు లెక్క.
కాంట్రాక్టరు మనిషి పెట్టెలు లెక్కపెట్టాడు,
మళ్ళీ లెక్కపెట్టాడు.
పెద్ద దీపం ఒకటి తక్కువ.
లైన్‌మన్ ఢిల్లేశ్వర్రావు గోడ క్యాలెండర్లో
ఏదో తిథి వెతుకుతున్నాడు.
అతని చొక్కా భుజంమీద
స్తంభం తుప్పు.

“పగిలినది, ఒకటి” అని రాశాను.
ఉద్యోగంలో ఇది నా మొదటి అబద్ధమని చెప్పను,
ఆ ముద్ర దీనికంటే ముందుంది.

రాత్రి ఇంటికెళ్తుంటే
మా సందు తెల్లగా ఉంది.
ట్యూషన్ నుంచి వచ్చే పిల్లలు
ఫోన్లు జేబుల్లో పెట్టుకుని నడుస్తున్నారు.
కాలువ మూత ఎక్కడ విరిగిందో కనబడుతోంది,
ఇన్నాళ్ళూ అడుగులు లెక్కపెట్టి దాటిన చోటు.
ఎదురింట్లో బమ్మిడి లక్ష్మునాయుడు తాత
కిటికీకి దుప్పటి కడుతున్నాడు.
“సూటిగా కళ్ళలో పడతంది బాబూ, నిద్దర నేదు.
ఎవుల్తోనైనా సెప్పి కొంచెం అటు తిప్పించు.”

సరేనన్నాను.
పేజీ ఇంకా ఇవ్వలేదు.