పాలపళ్లు

ఆదోనిలో మేము నలుగురం.
ఖాజా, సుంకన్న, జిన్నింగు మిల్లు గుమాస్తా వీరభద్రప్ప, నేను.
ఒక నోటుబుక్కు, మనిషికి వంద మార్కులు,
వాటితోనే ఆటగాళ్లను పాడుకోవాల.
పైసా పందెం లేదు.
సీజను చివర ఓడినోడు
నెలరోజులు అందరికీ ఉగ్గాని బజ్జీ పెట్టాల.
గెలిచినోడికి ఏముంది,
మిరపకాయ బజ్జీ ఒకటి ఎక్కువ.

ఈసారి తగువంతా ఒక్క పిల్లోడి మీద.
హర్‌నూర్. లూధియానా.
ఇరవై నిండి రెండు నెలలు.
కొచ్చి జట్టులో ఫార్వర్డు.
ఆరడుగుల తొమ్మిదంగుళాలు,
మా మిద్దె వాకిలి దాటాలంటే
రెండుసార్లు వంగాల.

రాత్రి పత్తి లారీలు పోయినాక
సెల్లు వెలుతురులో అంకెలు రాసుకున్నా.
మొదటి ఇరవై ఆటల్లో
పద్దెనిమిది నిమిషాలు, తొమ్మిది పాయింట్లు, ఐదు రీబౌండ్లు.
సీనియరు భుజం జారి బెంచీ ఎక్కినాక
తొమ్మిదే ఆటలు,
ముప్పై మూడు నిమిషాలు, పద్దెనిమిది, పదకొండు.
ఫ్రీ త్రోలు మాత్రం నూటికి యాభై ఆరు.
బంతి చేజార్చేది ఆటకు మూడుసార్లు.
కూడి, తీసి, భాగించి
ముప్పై నాలుగని రాసి
కొట్టేసి
ముప్పై ఎనిమిదని రాసినా.

నాయన నిద్రపోలేదు.
నలభై ఏండ్లు సంతలో ఎద్దుల దళారి.
మూతి పట్టి పళ్లు లెక్కబెట్టేవాడు,
సుడి యాడుందో చీకట్లో తడిమి చెప్పేవాడు.
పత్తికొండలో ఒకసారి
సుడి బాగలేదని వదిలేసిన గిత్త
మరుసటేడు బండలాగుడులో మూడువేల అడుగులు లాగి
ఎవరివో కొమ్ములకు పసుపు పూయించింది.
ఆ గిత్త పేరు మా ఇంట్లో ఎవరూ ఎత్తరు.

"ఏ కోడెరా అది, ఇంతసేపు తూకమేస్తాండావు?"
చూపించినా.
సెల్లు చేయంత దూరం పెట్టి చూసినాడు.
"పళ్లు?"
ఇరవై ఏండ్లు నాయనా.
"పాలపళ్లే ఇంకా.
ఈ తొమ్మిదాటలకు ముందు కాడి ఎవురిది?
ముసలెద్దు కుంటితే నడిమిట్ల వచ్చినదానికి
ధర ఎట్ల కడతావు?
ముసలిది లేస్తే ఇది మళ్లా కొట్టానికే."
పదిహేను రోజుల్లో లేస్తాడంట, అన్నా.
"సంత ముందర ఉప్పు నాకించి
కడవెడు నీళ్లు తాపితే
ఏ కోడె కడుపైనా నిండుగానే కనపడతాది.
ఉచ్చ పోసినాక చూడాల."

ఫ్రీ త్రోల సంగతి నేను చెప్పలేదు.
ఆయనే అడిగినాడు,
"ఎవురూ అడ్డం లేకుండా ఒక్కడే నిలబడి వేస్తాడే,
వేసే ముందర ఏం చేస్తాడు?"

బంతిని మూడుసార్లు నేలకు కొట్టి
కుడి చెవి తాకి
ఊపిరి బిగబట్టి వేస్తాడు.
తప్పింది.
మళ్లా చెవి. మళ్లా తప్పింది.
రింగుకు కొట్టుకుని వెనక్కొచ్చిన బంతిని
ముగ్గురు మొనగాళ్ల నడుమ
ఎగిరి తానే అందుకున్నాడు.
మా నోటుబుక్కులో
తప్పినదానికి ఇంత తీసివేత, పట్టినదానికి ఇంత కూడిక,
కడకు దాదాపు సున్నా.

నాయన మూడుసార్లు వెనక్కి తిప్పమన్నాడు.
ఏం మాట్లాడలేదు.
భుజం మీది తుండుగుడ్డ తీసి
నా చేతి మీద కప్పి
లోపల వేళ్లు పట్టినాడు.
ఎద్దులు పోయి, సంతలో పాత ట్రాక్టర్లు నిలబడినప్పటి నుంచి
ఆ వేళ్లకు పని లేదు.
చూపుడువేలు. దాని పక్కది. ఆగినాడు.
బొటనవేలితో అరచేతిని ఒక నొక్కు.

అది ఎంతో నాకు తెలుసు.
బడికి పోకముందే నేర్చిన లెక్క.

పొద్దున బజ్జీల బండి కాడ
ఖాజా ముప్పై అన్నాడు.
సుంకన్న ముప్పై రెండు.
వీరభద్రప్ప "ఆ పొడుగుకు మోకాళ్లు నిలబడవప్పా" అని గొణిగి
ఉగ్గానిలో నిమ్మకాయ పిండుకున్నాడు.
నేను తుండుగుడ్డ తీస్తే
బండి అంతా నవ్వింది.
"నోటితో చెప్పు సామీ!"

నూనెలో మిరపకాయ ఒకటి పగిలింది.
చెప్పినా.
ఖాజా పెన్నుకు మూత పెట్టి
నా ముఖంలోకే చూసినాడు,
పళ్లు లెక్కబెట్టేవాడిలా.