బదులు

పల్లావరం క్వారీలో నీళ్లు ఇంకా నిద్ర లేవలేదు.
టెంపోలోంచి తుపాకి దించాడు ఎతిరాజులు మేస్త్రి,
నాలుగడుగుల తొమ్మిదంగుళాలు, చెకుముకిది,
మూతిలోంచి మందు పోస్తేగాని నోరు విప్పని పాతకాలపు ఘటం.

సినిమాకి పాళెగాడు కావాలి,
పాళెగాడికి పొగ కావాలి,
పొగకి మందు కావాలి, మందుకి లైసెన్సు.
అది పోయిన మార్చితో చెల్లిపోయింది.
పాతడబ్బాలో అడుగున మిగిలిన కాస్తా
ఈ రోజుతో ఖర్చు రాసెయ్యమన్నారు ఆఫీసులో.
రాయించుకోడానికి కానిస్టేబుల్ సంతానం వచ్చాడు,
ముందే చెవుల్లో వేళ్లు పెట్టుకుని.

మన భాషలో మందు ఎన్ని రకాలని!
దగ్గుకీ మందే, చీడకీ మందే,
సాలిగ్రామంలో పేకప్ తర్వాత గ్లాసులోదీ మందే.
దీని రంగు చూసి నల్లమందు అందామంటే
అది ఇంకో మత్తు, ఇంకో కేసు.
ఇక దీని బదులు వచ్చినవాటిని ఏమనాలి?
డబ్బాల మీద ఒకటి, రెండు అని సుద్దతో రాశాను.

ఒకటోది బూడిదరంగు, గసగసాల్లా ఉంది.
రాయి గీసుకుంది, నిప్పు రాలింది.
ఎవరో తలుపు కొట్టి వెళ్లిపోయినట్టు
లోపల ఎవరూ లేవలేదు.
మూతి రాతివైపే ఉంచి ఊరుకున్నాం చాలాసేపు.
దీనికి ఇంకా వేడి కావాలట,
చెకుముకి నిప్పు ఆనదట,
డబ్బా వెనక చీమతలకాయల్లో అచ్చేశారు.

రెండోదాంట్లో గంధకం లేదు.
ఉసిరికాయలో ఉండే పులుపుతో చేశారని చెప్పాడు తెచ్చినవాడు.
రాత్రి మూత వదులైనట్టుంది,
సముద్రం అంత దూరాన్నించి వచ్చి మరీ
దాన్ని కాస్త తడిపి పోయింది.
టిక్ మంది.
ఒకటి... రెండు... అని లెక్కపెట్టాక
తడిగుడ్డ బండకేసి బాదినట్టు ఒక మోత.
ఆ రెండంకెల మధ్య హీరో రెప్ప వాల్చేస్తాడు.
పొగ కూడా పలచన, ఇడ్లీపాత్ర మూత తీసినంత.
నోటుపుస్తకంలో ఆ వరస కొట్టేశాను.

మూడోది అసలుది. ఆఖరి కొలత.
అడిగీ అడగ్గానే బదులిచ్చింది.
కాకులన్నీ ఒక్కసారి లేచాయి,
మీనంబాక్కంలో దిగుతున్న విమానం కాసేపు మూగబోయింది,
తెల్లటి పొగ నీళ్లమీద మంచంలా పరుచుకుని
ఎవరూ పడుకోకముందే మడతపడి వెళ్లిపోయింది.
కుళ్లిన గుడ్ల కంపు మిగిలింది.
సంతానం వేళ్లు తీసి సంతకం పెట్టాడు.

అప్పుడే ప్రొడక్షన్ నుంచి ఫోను:
పొగ కంప్యూటర్లో పెట్టుకుంటాం,
తుపాకి ఒట్టిదే పంపండి,
మీకు సగంపూట బేటా.

మేస్త్రికి చెప్పలేదు.
చెప్పినా వినపడదు.
ఎడమచెవి డెబ్బైతొమ్మిదిలో ఒక కోట ముట్టడిలో పోయింది,
కుడిది ఎప్పుడు పోయిందో ఆయన చూసుకోలేదు.
కాల్పుల నేను చేస్తుంటే
ఈ ఉదయమంతా పక్కబండ మీద అరచెయ్యి ఆనించి
కళ్లు మూసుకుని కూర్చున్నాడు.

ఫ్లాస్కులోంచి వేణ్ణీళ్లు గొట్టంలో పోస్తే
కాటుక కడిగినట్టు నల్లగా కారాయి.
గజంకడ్డీకి గుడ్డ చుడుతూ అడిగాడు,
"ఏది బాగా పలికిందే పాపా?"
మూడువేళ్లు చూపించాను.

తల అడ్డంగా ఊపాడు.
"నా చేతికి రెండోదే బాగుండాది.
ఆగి ఆగి వచ్చె.
రాతిలోకి పోయి కూసునె, చానాసేపు లేవలా.
మూడోది ఎప్పుడొచ్చె, ఎప్పుడుబోయె?"

నోటుపుస్తకం తెరిచాను.
రెండో వరస మీద నా గీత బలంగా పడింది,
వెనకపేజీలో కూడా దాని గాడి తెలుస్తోంది.
వేలితో తడిమి చూశాను.
తర్వాత పుస్తకం ఆయన ఒళ్లో పెట్టాను,
ఆయనా తడిమాడు,
అక్షరాల్ని కాదు, ఆ గాడినే.